పాత పికప్ కేబిన్ రబ్బర్లు మార్చడం ఎలా? ఫోన్ సెన్సార్, ఎండోస్కోప్ కెమెరాతో నేను చేసిన పని

ఈసారి ఫోన్ రివ్యూ కాదు, బండి పని. కానీ చేతిలో ఫోన్, దానికి తగిలించిన 850 రూపాయల కెమెరా లేకపోతే ఈ పని సగంలో ఆగిపోయేది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది దేవరకొండ దగ్గర ఊరు. నేను హైదరాబాద్ లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తాను, నెలకి రెండుసార్లు ఊరికి పోతాను. మా నాయిన దగ్గర 2011 మోడల్ పికప్ ఉంది. బత్తాయి సీజన్ లో బాటసింగారం మార్కెట్ కి కాయ తోలుతాడు. మిగతా రోజుల్లో కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా రోడ్డు మీద ఎరువు బస్తాలు, పత్తి, ఏది దొరికితే అది కిరాయికి. బండి ఏ కంపెనీదో చెప్పను. ఎందుకంటే తప్పు బండిది కాదు, పదమూడేళ్ల పొటాష్ బస్తాలది.

సంక్రాంతికి పోయినప్పుడు చూస్తే ఎడమ డోర్ పడట్లేదు. రెండుసార్లు గట్టిగా గుద్దితే తప్ప లాక్ కాదు. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే సీటు వెనక నుంచి "డబ్" అని ఒక దెబ్బ. "పాత బండి గట్లనే ఉంటది తియ్" అన్నాడు నాయిన. కానీ అప్పటికే ఒకాయన వచ్చి 90 వేలకి బేరం చేసి పోయాడని అమ్మ చెప్పింది. ఇంకో వైపు ఫిట్‌నెస్ గడువు దగ్గర పడుతోంది. ఎనిమిదేళ్లు దాటిన ట్రాన్స్‌పోర్ట్ బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి కదా. ఈ శబ్దంతో పాస్ కాదని ఆయన భయం. 90 వేలకి అమ్మేస్తే, కత్తెర కాపు మొదలైనప్పుడు కాయ వేరేవాళ్ల బండిలో కిరాయి కట్టి పంపాలి. అంటే ఇక్కడ పోయేది ఒక పాత బండి మాత్రమే కాదు, నాయిన రోజు పని.

అసలు ఈ రబ్బర్లు ఏంటి?

ఆల్టో, స్విఫ్ట్ లాంటి కార్లలో బాడీ, ఛాసిస్ రెండూ ఒకటే ముక్క. వాటికి ఈ గొడవ లేదు. బొలెరో పికప్, టాటా 207 లాంటి బండ్లలో కింద నిచ్చెన లాంటి ఛాసిస్ వేరు, పైన కేబిన్ వేరు. ఆ రెండింటి మధ్య ఇనుము ఇనుముకి తగలకుండా లావు రబ్బర్లు ఉంటాయి. మన దగ్గర మేస్త్రీలు వీటిని కేబిన్ రబ్బర్లు అనో, బాడీ బుష్షులు అనో అంటారు. మా బండికి ఆరు: రేడియేటర్ దగ్గర రెండు, కాళ్లు పెట్టేచోటు కింద రెండు, సీటు వెనక రెండు.

ఒక్కో సెట్ లో పైన ఒక రబ్బరు, కింద ఒక రబ్బరు, రెండింటి నడుమ నుంచి పోయే ఒక ఇనుప గొట్టం (దీన్ని స్లీవ్ అంటారు), రెండు పెద్ద వాషర్లు, ఒక బోల్టు ఉంటాయి. ఇందులో అందరూ పట్టించుకోనిది స్లీవ్. బోల్టు బిగిస్తే ఆ ఒత్తిడి స్లీవ్ మీద ఆగాలి, రబ్బరు మీద కాదు. రబ్బరు ఎంత నలగాలో స్లీవ్ పొడవు నిర్ణయిస్తుంది. తుప్పు పట్టి స్లీవ్ పొట్టిగా అయితే మీరు బిగించినకొద్దీ రబ్బరు పచ్చడవుతుంది. పొడవుగా ఉంటే బోల్టు బిగుసుకుంటుంది, కేబిన్ మాత్రం లూజుగా ఊగుతుంది.

మా దగ్గర సముద్రం లేదు, ఉప్పు గాలి లేదు, మరి ఇంత తుప్పు ఎక్కడిది అని నాకూ డౌట్ వచ్చింది. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, అది కూడా ఒక లవణమే. బస్తా నుంచి రాలిన పొడి ఛాసిస్ మూలల్లో చేరి, వానకి తడిసి, రేగడి బురదతో కలిసి నెలల తరబడి అక్కడే ఉంటే ఇనుము తినేస్తుంది. రబ్బరు చుట్టూ ఉన్న గిన్నె లాంటి వాషర్ లో ఈ బురద సరిగ్గా కూర్చుంటుంది. దీనికి తోడు వాటర్ సర్వీసింగ్ చేసినప్పుడల్లా తుప్పు రాకుండా అని కింద డీజిలో, పాత ఆయిలో కొట్టించడం అలవాటు. ఇనుముకి మంచిదే కావచ్చు, కానీ మామూలు రబ్బరు డీజిల్ తాగి ఉబ్బుతుంది, మెత్తబడి ముక్కలవుతుంది. అంటే ఇనుముని కాపాడే పనిలో మేమే రబ్బరుని చంపాం.

ముందు కొలవండి, తర్వాత విప్పండి

ఊళ్లో మేస్త్రీ చూసి "రబ్బర్లు పోయినయి తమ్మీ, లారీ టైరు కోసి ముక్కలు పెట్టి బిగిస్తా, రెండు వేలియ్యి" అన్నాడు. కొత్తవి వేసి, తుప్పు పని కూడా చేస్తే పన్నెండు వేలు, మూడు రోజులు అన్నాడు. టైరు ముక్కలో స్టీల్ తీగలు, గుడ్డ పొరలు ఉంటాయి, దాని గట్టిదనం వేరు, మందం ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. ఆరు చోట్ల ఆరు ఎత్తులు వస్తే కేబిన్ మెలి తిరుగుతుంది. నేను చేస్తా అని ఒప్పుకున్నాక నాకు గుర్తొచ్చింది, నేను చేసింది బీటెక్ సీఎస్ఈ అని.

సరే, తెలిసిన పనితో మొదలుపెట్టాను. ఫైఫాక్స్ అని ఒక ఫ్రీ యాప్ ఉంది. జర్మనీ లోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లది. ఫోన్ లోని సెన్సార్ల రీడింగ్ ని నేరుగా గ్రాఫ్ గా చూపిస్తుంది, ఫైల్ గా ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. అందులో యాక్సిలరేషన్ స్పెక్ట్రమ్ ఓపెన్ చేసి, ఫోన్ ని డబుల్ సైడ్ టేప్ తో సీటు పట్టా మీద గట్టిగా అంటించాను. కవర్ తీసేయండి, మెత్తటి కవర్ ఉంటే వైబ్రేషన్ అదే మింగేస్తుంది.

నాలుగు సిలిండర్ల ఇంజిన్ లో క్రాంక్ ఒక చుట్టు తిరిగేసరికి రెండుసార్లు మంట పుడుతుంది. 800 ఆర్‌పీఎం ఐడిల్ అంటే సెకనుకి 13.3 చుట్లు, కాబట్టి 26.7 హెర్ట్జ్ దగ్గర ఒక శిఖరం కనిపించాలి. గ్రాఫ్ లో 26 - 27 మధ్య కచ్చితంగా కనిపించింది. అది చూసి నాకు కలిగిన సంతోషం నాయినకి అర్థం కాలేదు. "బండి చాలైతే ఊగుతదని నాకు ముప్పై ఏండ్ల సంది ఎర్కే" అన్నాడు.

అసలు టెస్ట్ ఇది: అదే ఫోన్ ని ముందు ఛాసిస్ మీద, తర్వాత కేబిన్ లోపల పెట్టి చూడాలి. మంచి రబ్బరు ఉంటే లోపల రీడింగ్ బాగా తగ్గాలి. మాకు ఛాసిస్ మీద సగటున 1.3, కేబిన్ లో 1.2 వచ్చింది (మీటర్ పర్ సెకండ్ స్క్వేర్ లో). అంటే రబ్బర్లు ఉన్నా లేనట్టే. పైగా 80 హెర్ట్జ్ పైన కూడా చిన్న చిన్న శిఖరాలు ఉన్నాయి. ఎక్కడో ఇనుము ఇనుముకి తగులుతోందని నాకు అక్కడే అనుమానం వచ్చింది.

ఈ అంకెల్ని పెద్ద ల్యాబ్ రిపోర్ట్ లా నమ్మకండి. ఫోన్ సెన్సార్ క్యాలిబ్రేట్ చేసింది కాదు. అదే ఫోన్, అదే చోటు, అదే ఆర్‌పీఎం పెట్టి ముందు - తర్వాత పోల్చుకోడానికి మాత్రం బాగా పనికొస్తుంది. ఇంకో మాట, ఓఐఎస్ కెమెరా ఉన్న ఖరీదైన ఫోన్ ని ఈ పనికి ఎక్కువసేపు వాడకండి. పెద్ద ఇంజిన్ బైకుల వైబ్రేషన్ వల్ల ఐఫోన్ కెమెరా దెబ్బ తినొచ్చని 2021 లో యాపిలే చెప్పింది. నేను డ్రాయర్ లో పడున్న పాత ఫోన్ వాడాను.

ఎండోస్కోప్ కెమెరా: ఏది కొనాలి

సీటు వెనక మౌంట్ల పైభాగం కేబిన్ అడ్డపట్టీ లోపల ఉంటుంది, కంటికి కనపడదు. అందుకే టైప్-సి ఎండోస్కోప్ కొన్నాను. బాక్స్ మీద 1080పీ అని రాసి ఉన్నా చాలా చవక మోడళ్లలో సెన్సార్ 640×480 దే. దాని గురించి బాధ పడకండి, ఈ పనికి అది సరిపోతుంది. చూడాల్సినవి వేరు. తల లావు 5.5 ఎంఎం ఉంటే నీళ్లు పోయే చిన్న రంధ్రంలో కూడా పడుతుంది, 8 ఎంఎం అయితే కష్టం. వైరు మెత్తగా వేలాడేది కాకుండా వంచితే అలాగే నిలబడేది తీసుకోండి. లైట్ తగ్గించే చక్రం ఉండాలి, ఫుల్ లైట్ లో తుప్పు అంతా తెల్లగా మెరిసి ఏమీ తెలియదు. ఫోన్ లో ఓటీజీ ఆన్ చేసుకోవడం మర్చిపోవద్దు, నేను పావుగంట కెమెరా పాడైందనుకున్నాను.

లోపల చూస్తే కుడివైపు ఫర్వాలేదు. ఎడమవైపు వెనక మౌంట్ చూడగానే నాయిన, నేను ఇద్దరం మాట్లాడలేదు. పై రబ్బరు లేదు. అరిగిపోవడం కాదు, అసలు లేదు, నల్లటి పొడి ఉంది. కేబిన్ రేకు నేరుగా ఛాసిస్ బ్రాకెట్ మీద కూర్చుంది. లోపల నట్టుని పట్టుకునే పంజరం ఒక పక్క విరిగి ఉంది. ఆ మూల కేబిన్ ని పట్టుకున్నది బోల్టు కాదు, తుప్పే. ఈ బండిలో నాయిన అర్ధరాత్రి రెండు టన్నుల కాయ వేసుకుని హైవే ఎక్కుతాడు.

కొత్తవి కొనే ముందే ఛాసిస్ బ్రాకెట్లని సుత్తితో కొట్టి చూడండి. మంచి ఇనుము ఖంగుమంటుంది, తినేసింది బొద్దుగా పలుకుతుంది. తర్వాత స్క్రూడ్రైవర్ తో గట్టిగా పొడవండి. లోపలికి దిగితే అక్కడితో ఆపేయండి, అది రబ్బరు మార్చి వదిలేసే కేసు కాదు. మా అదృష్టం, బ్రాకెట్లు ఆరూ గట్టిగానే ఉన్నాయి.

విప్పడం

రబ్బర్లు సికింద్రాబాద్ రాణిగంజ్ లో దొరికాయి, సెట్ 220 చొప్పున. మోడల్ చెప్పడంతో ఆగకుండా పాతది ఒకటి చేతిలో పట్టుకుపోండి. ముందు వాటికీ వెనక వాటికీ మందం తేడా ఉంటుంది. పాలీయురిథేన్ వి కూడా చూపించారు, ఎక్కువ కాలం వస్తాయి, డీజిల్ కి తట్టుకుంటాయి. కానీ గట్టిగా ఉంటాయి కాబట్టి వైబ్రేషన్ లోపలికి ఎక్కువ వస్తుంది. నేను రబ్బరే తీసుకున్నాను.

రాత్రి ఆరు బోల్టులకీ పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి వదిలేశాం, పొద్దున్నే మళ్లీ కొట్టాం. బోల్టుని విప్పే ముందు కొంచెం బిగించే వైపు కదిలించండి. తుప్పు పట్టు వదిలి చిన్న "టిక్" వస్తుంది, అప్పుడు విప్పండి. పావు చుట్టు విప్పడం, కొంచెం వెనక్కి తిప్పడం, మళ్లీ ఆయిల్. ఇంపాక్ట్ గన్ తో ఒకేసారి లాగితే బోల్టు మధ్యలో తెగుతుంది. 19 నంబర్ గొట్టం పానా, దానికి మూడడుగుల పైపు, ఓపిక. నాలుగు బోల్టులు ఇలాగే వచ్చాయి.

చక్రాలకి రాళ్లు పెట్టి, బ్యాటరీ మైనస్ తీసేసి, ఒక వైపు బోల్టులన్నీ తీయండి. రెండో వైపువి లూజు చేయండి చాలు, తీయొద్దు, లేకపోతే కేబిన్ పక్కకి జరుగుతుంది. జాకీ కింద తుమ్మ చెక్క ఒకటి వేసి కేబిన్ అడుగు పట్టీ దగ్గర పెట్టాలి. ఉత్త రేకు మీద పెడితే చెయ్యంత సొట్ట పడుతుంది. 25 - 30 ఎంఎం లేస్తే రబ్బరు పట్టేస్తుంది, అంతకన్నా అక్కర్లేదు. ప్రతి పది ఎంఎం కి ఆగి చూడాల్సినవి: స్టీరింగ్ రాడ్ కప్లింగ్, రేడియేటర్ పైపులు, ఫ్యాన్ కీ దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కీ మధ్య సందు, బ్రేక్, క్లచ్ పైపులు, గేర్ రాడ్, కేబిన్ కి ఛాసిస్ కి మధ్య ఉన్న ఎర్త్ వైరు. మాకు ఎర్త్ వైరు బిగుసుకుంది, నాయిన కేక వేశాడు కాబట్టి తెగలేదు.

లేపాక ఆ సందులో చెక్క ముక్కలు పెట్టకుండా వేళ్లు పెట్టకండి. జాకీ జారితే కేబిన్ వచ్చి వేళ్ల మీదే కూర్చుంటుంది.

ఆ ఎడమ వెనక బోల్టు

అనుకున్నట్టే అది తిరిగింది, తిరుగుతూనే ఉంది. పైన నట్టు కూడా దాంతోపాటు తిరుగుతోంది. కెమెరా లోపల పెట్టి స్క్రీన్ మీద నట్టు తిరగడం చూస్తూ కూర్చున్నాం. చివరికి సీటు తీసి, కెమెరాతో కొలిచిన చోట హోల్ సా తో 40 ఎంఎం రంధ్రం చేశాను. సరిగ్గా నట్టు మీదకి వచ్చింది. నాయిన పైనుంచి రింగ్ పానాతో పట్టుకుంటే నేను కింద నుంచి తిప్పాను. సగం వచ్చి తెగింది. పర్లేదు, తెగినా బయటికి వచ్చింది.

ఇప్పుడు కొత్త నట్టుని 4 ఎంఎం ప్లేటుకి వెల్డింగ్ చేసి, ఆ ప్లేటుని అడ్డపట్టీకి వెల్డింగ్ చేయాలి. వెల్డింగ్ షాపు అన్నని ఇంటికే పిలిచాం. బ్యాటరీ ఎలాగూ తీసే ఉంది, ఆల్టర్నేటర్ వైర్లు కూడా తీసేశాను. అన్నీ జాగ్రత్తగా చేశానని అనుకున్నాను. సీటు తీశాను గానీ సీటు వెనక గోడకి అతికించి ఉన్న ఊలు లాంటి పొర తీయలేదు. వెల్డింగ్ మొదలైన నిమిషంలో ఆ పొర వెనక నుంచి పొగ. నేను ఫోన్ లో వీడియో తీస్తూ నిలబడ్డాను, నిజం చెప్తున్నా, రెండు సెకన్లు ఏం చేయాలో తోచలేదు. నాయిన ముందే బకెట్ లో ముంచి పెట్టుకున్న గోనె సంచి తీసి పొర మీద అదిమాడు. "బిడ్డా, ఆ ఫోన్ పక్కన పెట్టు" అన్నాడు, అంతే. ఆ తడి సంచి ఎందుకని పొద్దున నేనే నవ్వాను.

కాబట్టి వెల్డింగ్ చేయిస్తే సీటు, మ్యాట్, గోడకున్న పొర, ఫోమ్, వైర్లు అన్నీ తీయండి. డీజిల్ ట్యాంక్, పైపులు ఎక్కడున్నాయో ముందు చూసుకోండి. నీళ్లు, తడి గోనె సంచి చేతికి అందేలా ఉండాలి.

వెల్డింగ్ చల్లారాక తుప్పంతా వైర్ బ్రష్ తో గీకి, రస్ట్ కన్వర్టర్ పూశాను. అది తుప్పుతో కలిసి నల్లగా మారుతుంది. ఆరిన తర్వాత రెడ్ ఆక్సైడ్ రెండు కోట్లు. నేను చేసిన 40 ఎంఎం రంధ్రానికి రబ్బరు మూత పెట్టాను, వచ్చేసారి మళ్లీ పనికొస్తుంది.

బిగించడం

రెండు స్లీవ్ లు పనికి రాకుండా పోయాయి. దేవరకొండలో లేత్ అన్న దగ్గర చేయించాం. కొలత కోసం తుప్పు పట్టినవి కాకుండా, మంచిగా ఉన్న స్లీవ్ ని వెర్నియర్ తో కొలిచి ఇచ్చాను. పాత తుప్పు స్లీవ్ ఇస్తే ఆయన అదే పొట్టి కొలతకి చేసిస్తాడు.

ఆరు బోల్టులూ ముందు చేతితో నాలుగైదు చుట్లు ఎక్కించండి. ఒకటి ఫుల్ గా బిగించాక మిగతావి రంధ్రాలకి అందవు, నేను ఆ తప్పు చేసి మళ్లీ విప్పాను. డోర్ సందులు చూసుకుని, కేబిన్ ని పూర్తిగా దించి, బండి నాలుగు చక్రాల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు. టార్క్ ఎంత అనేది మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ లో చూడండి. మరకి గ్రీజు పూస్తే అదే టార్క్ కి బోల్టు ఇంకా ఎక్కువ లాగబడుతుంది, అది గుర్తుంచుకోండి.

ఖర్చు: రబ్బర్లు 1320, బోల్టులు వాషర్లు 480, లేత్ 300, ప్లేటు వెల్డింగ్ 600, కన్వర్టర్ రంగు 450. మొత్తం 3150, కెమెరాతో కలిపి 4000. టార్క్ పానా అడిగి తెచ్చుకున్నాను. మూడు రోజులు పట్టింది, మేస్త్రీ చెప్పిన మూడు రోజులే.

రిజల్ట్

డోర్ ఒక్క వేలితో పడుతోంది. మళ్లీ పాత ఫోన్ అంటించి చూస్తే ఛాసిస్ మీద అదే 1.3, కేబిన్ లో 0.6. 80 హెర్ట్జ్ పైన ఉన్న శిఖరాలు దాదాపు పోయాయి. ఊరి చివర స్పీడ్ బ్రేకర్ మీద 15 స్పీడ్ లో ఇంతకుముందు రెండు దెబ్బలు కనిపించేవి, ఇప్పుడు ఒకటే, అది కూడా గుండ్రంగా.

ఒక విషయంలో మాత్రం నా లెక్క తప్పింది. నాయిన నడుం నొప్పి దీంతో తగ్గుతుందని నేను ఆశపడ్డాను. కూర్చున్న మనిషి వెన్నుకి పైకీ కిందకీ ఊగే కదలికలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది సుమారు 4 నుంచి 8 హెర్ట్జ్. అది రోడ్డు నుంచి, ప్లేట్ల నుంచి, సీటు నుంచి వస్తుంది. ఈ రబ్బర్లు పని చేసేది దానికన్నా పైన. కాబట్టి గర్రుమనే శబ్దం, చేతుల తిమ్మిరి తగ్గాయి, నడుం నొప్పి అలాగే ఉంది. తర్వాత పని సీటు ఫోమ్, స్ప్రింగులు.

500 కిలోమీటర్లు తిరిగాక ఆరు బోల్టులూ మళ్లీ చెక్ చేశాం. ఎడమ వెనకది పావు చుట్టు తీసుకుంది, మిగతావి కదల్లేదు. 90 వేల ఆయన మళ్లీ ఫోన్ చేశాడట. "నడుస్తుంది గదా, ఎందుకు అమ్ముత" అన్నాడట నాయిన. వాటర్ సర్వీసింగ్ దగ్గర మాత్రం డీజిల్ కొట్టనియ్యట్లేదు.